హెచ్‌ఎల్‌బీ పట్టిక చెప్పని సంగతి: ఎమల్షన్‌లో నూనె ఎక్కడ పేరుకుంటుంది?

జనవరి తెల్లవారుజామున హైదరాబాద్‌లో 12, 13 డిగ్రీల చలి పడితే గూట్లో కొబ్బరినూనె సీసా తెల్లగా పేరుకుపోతుంది. దాని పక్కనే, కొబ్బరినూనెతోనే చేసిన పల్చటి లోషన్ సీసా ఉందనుకోండి. అందులో నూనె బొట్లు చాలామటుకు ఇంకా ద్రవంగానే ఉండే అవకాశం ఎక్కువ. నూనె అదే, చలి అదే. ఒక సీసాలో నూనె ఒకే రాశిగా ఉంది, రెండోదాంట్లో నీళ్లలో కోటానుకోట్ల బొట్లుగా విడిపోయి ఉంది, దాన్నే ఎమల్షన్ అంటాం. తేడా అంతే.

ఐస్‌క్రీమ్ మిక్స్, విప్పింగ్ క్రీమ్, మందును మోసే లిపిడ్ నానోపార్టికల్స్ (కొవ్వు నానో కణాలు), మందుల ముడిసరుకు చేసే బల్క్ డ్రగ్ రియాక్టర్‌లో అప్పుడప్పుడు తేలే జిడ్డు, వీటన్నిటిలోనూ అసలు ప్రశ్న ఒకటే: మొదటి స్ఫటికం బొట్టు లోపల పుడుతుందా, నూనె నీళ్లను తాకే హద్దు మీద పుడుతుందా? నూనె బొట్లను నీళ్లలో నిలిపి ఉంచే ఎమల్సిఫయర్‌ను ఎంచుకునేటప్పుడు మనలో చాలామంది చూసేది హెచ్‌ఎల్‌బీ పట్టిక, అంటే ఆ పదార్థం నీటి వైపు ఎంత, నూనె వైపు ఎంత మొగ్గుతుందో ఒక అంకెలో చెప్పే పట్టిక. ఆ పట్టికలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. లేదన్న హెచ్చరిక కూడా లేదు, చిక్కంతా అక్కడే.

తోడు దొరకని బొట్లు

గిన్నెడు పాలు తోడుకోవడానికి చెంచాడు పెరుగు చాలు. సీసాలో నూనె సంగతీ అంతే. అందులో ఎక్కడో ఒక దుమ్ము కణమో, గమ్ అవశేషమో, గాజు గోడ మీద గీతో ఉంటుంది. అక్కడ బీజం, అంటే స్ఫటికం తొలి మొలక, పడితే అది పెరుగుతూ సీసా అంతా పాకుతుంది. ఆ గిన్నెడు పాలనే లక్ష గిన్నెల్లో పోస్తే? ప్రతి గిన్నెకూ విడిగా తోడు కావాలి.

లెక్క వేసి చూద్దాం. ఒక మిల్లీలీటరు నూనెను 10 మైక్రాన్ల వ్యాసం ఉన్న బొట్లుగా చేస్తే దాదాపు 190 కోట్ల బొట్లు వస్తాయి. 1 మైక్రాన్ బొట్లుగా చేస్తే 1.9 లక్షల కోట్లు. ఆ మిల్లీలీటరులో బీజానికి పనికొచ్చే మలినాలు 1000 కోట్లు ఉన్నాయని ఊహించుకోండి. 10 మైక్రాన్ల బొట్టుకు సగటున ఐదు చొప్పున వస్తాయి, ఒక్క మలినమూ లేని బొట్లు అర శాతం మాత్రమే మిగులుతాయి. 1 మైక్రాన్ దగ్గర లెక్క తిరగబడుతుంది. దాదాపు 190 బొట్లలో ఒక్కదానికే మలినం దక్కుతుంది, మిగతా 99.5 శాతం శుభ్రంగా ఉంటాయి. నూనెను వడకట్టలేదు, శుద్ధి చేయలేదు, ఊరికే విడగొట్టాం.

మలినాల బెడద తప్పించుకునే ఈ కిటుకు పాతదే. 1948లో బెర్నార్డ్ వానెగట్ తగరం బొట్ల మీద, 1952లో డేవిడ్ టర్న్‌బుల్ పాదరసం బొట్ల మీద, 1961లో టర్న్‌బుల్, కార్మియా ఆల్కేన్ (తిన్నని కార్బన్ గొలుసుల నూనె) బొట్ల మీద దీన్ని వాడారు. పాదరసం పనిలో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. బొట్ల మీది పూతను మారిస్తే గడ్డకట్టే తీరే మారిపోయింది. ఒక పూతతో వేగం బొట్టు ఘనపరిమాణాన్ని బట్టి నడిచింది, ఇంకో పూతతో ఉపరితల వైశాల్యాన్ని బట్టి నడిచింది. బీజం లోపల పడుతోందా హద్దు మీద పడుతోందా అని తేల్చడానికి ఇప్పటికీ ఇంతకన్నా సూటి పరీక్ష లేదు: బొట్టు వ్యాసం రెట్టింపైనప్పుడు ఒక్కో బొట్టులో బీజం పడే వేగం 8 రెట్లు పెరిగితే లోపల, 4 రెట్లు పెరిగితే హద్దు మీద.

హద్దు మీద తోకలు

మలినాలు లేని బొట్టుకు రెండే దారులు. ఒకటి, ఏ ఆసరా లేకుండా నూనె అణువులు తమంతట తాము ఒద్దికగా పేరుకోవడం. దానికి చాలా లోతుగా చల్లబరచాలి. 16 కార్బన్ల ఆల్కేన్ అయిన ఎన్-హెక్సాడెకేన్ 18 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాన్నే ట్వీన్ 20 అనే ఎమల్సిఫయర్‌తో సన్నటి ఎమల్షన్‌గా చేస్తే సున్నాకు మూడు నాలుగు డిగ్రీల పైదాకా దిగితే తప్ప గడ్డకట్టదు. అంటే కరిగే ఉష్ణోగ్రతకు దాదాపు 14 డిగ్రీల కింద.

రెండోది హద్దు ఇచ్చే ఆసరా. ఏదైనా ఉపరితలం మీద స్ఫటికం టోపీలా ఒదిగి పుడితే, కొత్తగా కట్టుకోవాల్సిన ఉపరితలం తగ్గుతుంది. స్ఫటికం ఆ ఉపరితలాన్ని తాకే కోణం 90 డిగ్రీలైతే దాటాల్సిన శక్తి గట్టు సగమవుతుంది. 60 డిగ్రీలైతే సుమారు 16 శాతానికి, 30 డిగ్రీలైతే 1.3 శాతానికి పడిపోతుంది. పైగా బీజం పడే వేగం ఈ గట్టు మీద ఘాతీయంగా ఆధారపడుతుంది కాబట్టి కోణంలో చిన్న తేడా కూడా డిగ్రీల్లో పెద్ద తేడాగా కనిపిస్తుంది.

మరి ఈ హద్దు దేంతో తయారైంది? నీళ్లలోకి తల, నూనెలోకి తోక పెట్టుకుని నిలబడిన సర్ఫాక్టెంట్, అంటే ఎమల్సిఫయర్, అణువులతో. నూనెకు కనిపించేది తోకలే, తలతో దానికి పని లేదు. తోక తిన్నగా, సంతృప్తంగా (డబుల్ బాండ్లు లేకుండా), పొడవులో నూనె గొలుసుకు దగ్గరగా ఉంటే ఆ తోకల మధ్య నూనె అణువులు బారులు తీరతాయి. అచ్చులో పోసినట్టు మొదటి పొర అక్కడే గట్టిపడుతుంది. తోక మధ్యలో వంకర ఉంటే బారు కుదరదు.

ఇప్పుడు హెచ్‌ఎల్‌బీ పట్టిక తీయండి. ట్వీన్ 60 విలువ 14.9, ట్వీన్ 80 విలువ 15.0. పట్టిక ప్రకారం కవలలే, ఒకటి అయిపోతే రెండోది వేసుకోవచ్చు అన్నంత దగ్గర. కానీ ట్వీన్ 60 తోక స్టియరేట్, 18 కార్బన్ల తిన్నని గొలుసు. ట్వీన్ 80 తోక ఓలియేట్, అవే 18 కార్బన్లు, మధ్యలో ఒక సిస్ డబుల్ బాండ్ దగ్గర మోకాలు మడిచినట్టు వంకర. హెక్సాడెకేన్‌తోనో, పొడవాటి సంతృప్త గొలుసులున్న కొవ్వుతోనో చేస్తే ట్వీన్ 60 బొట్లు ముందుగా, అంటే ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గరే, గడ్డకట్టడం మొదలుపెడతాయి. పామిటేట్ తోక ఉన్న ట్వీన్ 40దీ అదే బాట. ట్వీన్ 80, 12 కార్బన్ల లారేట్ తోక ఉన్న ట్వీన్ 20 మాత్రం హద్దు నుంచి పెద్దగా సాయం చేయవు. హెచ్‌ఎల్‌బీ అనేది తలకూ తోకకూ మధ్య బరువుల పంచాయితీ మాత్రమే. తోక ఆకారం గురించి అది ఒక్క ముక్కా చెప్పదు.

అచ్చు మాట ఊహ కాదనడానికి గట్టి సాక్ష్యం నీటి వైపు నుంచి వచ్చింది. 1990లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు నీటి బొట్ల మీద పొడవాటి ఆల్కహాల్ అణువుల ఏకపొరను పరిచారు. మలినాలు లేని సన్నటి నీటి బొట్లు −38 డిగ్రీల దాకా గడ్డకట్టకుండా ఉండగలవు. 31 కార్బన్ల ఆల్కహాల్ పొర పరిస్తే దాదాపు −1 డిగ్రీ దగ్గరే మంచు కట్టింది. ఒకే ఒక్క అణువు మందం ఉన్న పొర చేసిన పని అది.

ఇంకో ముచ్చట. హెక్సాడెకేన్ బొట్లను పొడవాటి తోకల సర్ఫాక్టెంట్‌తో కప్పి నెమ్మదిగా చల్లబరిస్తే బొట్టు గుండ్రంగా ఉండిపోదు. హద్దు దగ్గర మెత్తటి ప్లాస్టిక్‌లాంటి రొటేటర్ పొర ముందు పుడుతుంది, అది బొట్టును లోపలి నుంచి సాగదీసి షడ్భుజాలుగా, త్రిభుజాలుగా మార్చేస్తుంది. బల్గేరియాలోని సోఫియా, ఇంగ్లాండ్‌లోని కేంబ్రిడ్జ్ బృందాలు దీన్ని 2015లో ప్రచురించాయి. శాంపిల్‌ను వేడిచేసి, చల్లబరిచే స్టేజ్ ఉన్న మైక్రోస్కోప్ ఎవరి దగ్గరైనా ఉంటే ఒకసారి చూసి తీరాలి.

చేసి చూడాలంటే

వంద గ్రాముల ఎమల్షన్‌కు హెక్సాడెకేన్ 20 గ్రాములు, సర్ఫాక్టెంట్ 2 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 78 గ్రాములు. ఒక బ్యాచ్ ట్వీన్ 80తో, ఒకటి ట్వీన్ 60తో చేయండి. ట్వీన్ 60 గది ఉష్ణోగ్రతలో ముద్దలా ఉంటుంది, 40 డిగ్రీల నీళ్లలో కలిపితే హాయిగా కరుగుతుంది. నూనెనూ 40 డిగ్రీలకు తెచ్చి రెండూ కలిపి, హై షియర్ మిక్సర్‌తో 2 నిమిషాలు తిప్పి, తర్వాత ప్రోబ్ సోనికేటర్‌తో ఆపి ఆపి 5 నిమిషాలు కొట్టండి. లక్ష్యం 1 మైక్రాన్ లోపు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. సోనికేషన్ అనగానే బీకరును ఐస్‌లో పెట్టడం చెయ్యి తిరిగిన అలవాటు. ఇక్కడ అది కొంప ముంచుతుంది. ఐస్ పక్కన హెక్సాడెకేన్ సగం గడ్డకడుతుంది, అల్ట్రాసౌండ్ తనంతట తానే బీజాలు వేయిస్తుంది, సగం గట్టి బొట్లు ఒకదానికొకటి గుచ్చుకుని ముద్దలవుతాయి. వాటర్ బాత్ 30, 40 డిగ్రీల మధ్యే ఉంచండి. కొవ్వులతో చేసేటప్పుడు ఇంకో జాగ్రత్త: ముందు 70 డిగ్రీల దగ్గర 10, 15 నిమిషాలు ఉంచి పాత స్ఫటికాల జాడ పూర్తిగా చెరిపేయాలి. కంటికి తేటగా కనిపించిన నూనెలో కూడా పాత అమరిక ముక్కలు మిగిలి ఉండొచ్చు. అవి మిగిలితే మీరు కొలిచేది ఎమల్సిఫయర్ ప్రభావాన్ని కాదు, నిన్నటి చలిని.

కంటితో చూసి గడ్డకట్టిందో లేదో చెప్పలేం, రెండూ పాలలాగే తెల్లగా ఉంటాయి. గడ్డకట్టేటప్పుడు వెలువడే వేడినీ, కరిగేటప్పుడు పీల్చే వేడినీ కొలిచి గ్రాఫ్ గీసే డీఎస్‌సీ వాడాలి. మూత బిగించిన అల్యూమినియం పాన్‌లో 10 మిల్లీగ్రాములు, 40 డిగ్రీల నుంచి నిమిషానికి 2 లేదా 5 డిగ్రీల చొప్పున −5 దాకా చల్లబరిచి మళ్లీ వేడిచేయండి. ఇంకా కిందికి దిగాలనే ఆశ వద్దు. హెక్సాడెకేన్ గడ్డకడితే గ్రాముకు వచ్చేది సుమారు 230 జౌళ్లు, నీరు గడ్డకడితే 334. పైగా పాన్‌లో నీరే ఎక్కువ. ఒక్కసారి మంచు కట్టిందంటే గ్రాఫ్‌లో లేచే ఆ శిఖరం కింద నూనె శిఖరం మరుగున పడుతుంది, ఎమల్షన్ కూడా విరిగిపోతుంది.

గ్రాఫ్ చదివేటప్పుడు కరిగే శిఖరాన్ని నమ్ముకోవద్దు. ఏ ఎమల్సిఫయర్ వేసినా అది దాదాపు 18 దగ్గరే కనిపిస్తుంది. కథంతా చల్లబరిచే గీతలో ఉంటుంది. ట్వీన్ 80 బ్యాచ్‌లో అట్టడుగున ఒకే సన్న శిఖరం వస్తే బొట్లు శుభ్రంగా ఉన్నట్టు. ట్వీన్ 60తో శిఖరం పైకి జరుగుతుంది, లేదా రెండుగా చీలుతుంది. విడి నూనె గడ్డకట్టే చోట బుల్లి శిఖరం లేస్తే దాన్ని హద్దు ప్రభావం అని రాసుకోకండి, ఎక్కడో నూనె పైకి తేలిందో పెద్ద బొట్లు ఉన్నాయో చూడండి. అదే పాన్‌ను మూడుసార్లు చల్లబరిచి వేడిచేస్తే సంగతి తేలిపోతుంది. ప్రతి చుట్టుకూ పై శిఖరం పెరుగుతూ పోతే ఎమల్షన్ విరుగుతోంది. కదలకుండా ఉండి, పెద్ద బొట్లూ లేకపోతే అది నిజంగా హద్దు మహిమే.

ఒకే ఉష్ణోగ్రత దగ్గర రెండు రకాల సరుకు ఉండడం కూడా ఇందులోంచే వస్తుంది. ఈ ఎమల్షన్‌ను 30 నుంచి 10 డిగ్రీలకు తెస్తే ద్రవం. ఒకసారి సున్నాకు తీసుకెళ్లి 10కి తెస్తే గట్టి. స్టెబిలిటీ రిజిస్టర్‌లో మాత్రం రెండింటికీ 10 డిగ్రీలనే రాస్తాం. శాంపిల్ ఏ దారిన ఆ ఉష్ణోగ్రతకు వచ్చిందో రాయని రిజిస్టర్ ఈ విషయంలో కాగితం దండగ.

పక్క బొట్టు అంటించే తోడు

మొదటి రోజు డీఎస్‌సీలో ద్రవంగా తేలిన ఎమల్షన్ రెండు వారాలకు గట్టిగా తేలొచ్చు. గడ్డకట్టిన బొట్టు నుంచి సూదిలాంటి స్ఫటికం కొన హద్దు దాటి బయటికి పొడుచుకు వస్తుంది. అది పక్కనున్న ద్రవ బొట్టును తాకితే చాలు, తోడు అంటుకున్నట్టే. గడ్డకట్టినవీ కట్టనివీ కలిపిన హెక్సాడెకేన్ ఎమల్షన్‌ను 6 డిగ్రీల దగ్గర ఉంచితే ద్రవ బొట్లు మెల్లమెల్లగా గట్టివైపుకు మారిపోతాయి. బొట్లు కలిసిపోకుండానే ఇది జరుగుతుంది. నీళ్లలో అదనంగా సర్ఫాక్టెంట్ ఉంటే ఈ అంటువ్యాధి ఇంకా జోరుగా సాగుతుంది. కాబట్టి ద్రవంగానే ఉంచాలనుకున్న సరుకులో ‘ఎందుకైనా మంచిది’ అని రెండింతల ఎమల్సిఫయర్ వేయడం మంచిది కాదు. ట్వీన్ 80 లాంటి వంకర తోక, సన్నటి బొట్టు, చాలినంత మాత్రమే సర్ఫాక్టెంట్, ఈ మూడూ ఉంటే చాలు. చిక్కదనానికని వేసే సెటైల్, స్టియరైల్ ఆల్కహాళ్లవి కూడా తిన్నని తోకలే, ఆ సంగతి మరవకండి.

ఈ పొడుచుకొచ్చే సూదులే డెయిరీలో అన్నం పెడతాయి. మోజంజాహీ మార్కెట్ దుకాణాల్లో గిన్నెలోకి జారే ఐస్‌క్రీమ్‌కైనా, పెద్ద ప్లాంటు ఐస్‌క్రీమ్‌కైనా, కొవ్వు బొట్లు సగం గట్టిపడి ఒకదానికొకటి గుచ్చుకుని గాలి బుడగల చుట్టూ వల అల్లుకోవాలి. పాశ్చరైజ్ చేసిన మిక్స్‌ను 4 డిగ్రీల దగ్గర కనీసం 4 గంటలు, వీలైతే రాత్రంతా ఉంచేది ఇందుకే. మోనో, డైగ్లిసరైడ్లు 0.1 నుంచి 0.2 శాతం వేస్తే రెండు పనులు జరుగుతాయి: సంతృప్త తోకలు హద్దు మీద బీజాలకు అచ్చు వేస్తాయి, హద్దును పట్టుకున్న పాల ప్రొటీన్‌ను పక్కకు నెడతాయి. ట్వీన్ 80, అదే పాలీసార్బేట్ 80, 0.02 నుంచి 0.04 శాతం చాలు. దాని పని ప్రొటీన్‌ను నెట్టడమే, బీజానికి అచ్చు వేయడం కాదు. ఈ చల్లటి నిల్వను, అంటే ఏజింగ్‌ను, గంటకు కుదించి ట్వీన్ 80 పెంచితే సరిపోతుందనుకునేవాళ్లు ఈ రెండు పనులనూ ఒకటే అనుకుంటున్నారు. కొవ్వు ద్రవంగా ఉండి ప్రొటీన్ పొర పలచబడితే బొట్లు గుచ్చుకోవు, కలిసిపోతాయి. నోటికి జిడ్డు తగులుతుంది.

ఇంట్లో మీగడ చిలికేవాళ్లకు ఇది చేతి లెక్కగా తెలుసు. మే నెలలో కవ్వం ఎంత తిప్పినా వెన్న పడక జిడ్డు తేలుతుంటే ఐసు ముక్కలు వేస్తారు. 38 డిగ్రీల దగ్గర పాల కొవ్వు దాదాపు అంతా ద్రవమే, గుచ్చడానికి సూది లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే చిలికితే కొవ్వు మరీ గట్టి, గుచ్చుకున్నా అతుక్కునే ద్రవం చాలదు. 12 నుంచి 15 డిగ్రీల మధ్య రెండూ ఉంటాయి, అందుకే వెన్న ముద్దలు టపటపా తేలతాయి.

గట్టి అని రాసి ఉన్న ద్రవం

ఫార్మా వాళ్లకు రెండు మాటలు. సాలిడ్ లిపిడ్ నానోపార్టికల్స్ అని లేబుల్ వేసినంత మాత్రాన లోపల గట్టిగా ఉన్నట్టు కాదు. ట్రైలారిన్ అనే కొవ్వు విడిగా 46 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నానో బొట్లుగా చేస్తే గది ఉష్ణోగ్రతలో నెలల తరబడి ద్రవంగానే ఉండిపోగలదు. కణం సైజు కొలిచి సంతోషపడితే ఇది తెలియదు, డీఎస్‌సీలో కరిగే శిఖరం అసలు ఉందా లేదా చూడాలి. లేకపోతే తయారైన వెంటనే బాగా చల్లబరిచి గడ్డకట్టించాలి, లేదా సంతృప్త తోకల సర్ఫాక్టెంట్‌కు మారాలి. ఆ తర్వాత కూడా కొవ్వు స్ఫటికాల అమరిక ఆల్ఫా రూపం నుంచి బీటాకు మారేటప్పుడు గుండ్రటి కణం పలకగా సాగుతుంది, కొత్త ఉపరితలాన్ని కప్పడానికి సర్ఫాక్టెంట్ చాలక మొత్తం జెల్ కడుతుంది. ఈ పలకల దశకు సరిపడా సర్ఫాక్టెంట్‌ను ముందే లెక్కలో పెట్టుకోవాలి.

రెండోది, జీడిమెట్ల నుంచి పాశమైలారం దాకా రియాక్టర్ల దగ్గర వినిపించే ‘ఆయిలింగ్ అవుట్’. ఇథనాల్, నీరు కలిసిన ద్రావణంలో ఐబూప్రొఫెన్ దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. మందును ద్రావణంలోంచి బయటికి నెట్టే యాంటీసాల్వెంట్‌గా నీళ్లు వేగంగా పోసినా, రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్‌ను ఒక్కసారిగా చల్లబరిచినా స్ఫటికానికి బదులు మందు జిడ్డు బొట్లుగా విడిపోతుంది, రియాక్టర్ పాలలా మారుతుంది. అంటే మీకు తెలియకుండానే ఎమల్షన్ చేశారు. మలినాలు ఆ బొట్లలోకే చేరతాయి. బీజం బొట్టు హద్దు మీద పడి చుట్టూ పెంకు కట్టేస్తే ఆ మలినాలూ సాల్వెంటూ లోపలే బందీ అవుతాయి, కలిపే యంత్రం అజిటేటర్‌కు ముద్దలు అంటుకుంటాయి. అలా జరిగితే చల్లబరుస్తూ పోవద్దు. తేటపడేదాకా మళ్లీ వేడిచేయండి. తర్వాత కరుగుదల గీత దాటి, జిడ్డు విడిపోయే గీతకు ఇంకా పైన ఉన్నప్పుడే, దిగుబడిలో 1 శాతం దాకా సీడ్‌ను, అంటే ముందే తయారుగా ఉన్న అదే మందు స్ఫటికాలను, అదే సాల్వెంట్‌లో స్లర్రీగా కలిపి వేయండి. గంట, రెండు గంటలు ఉష్ణోగ్రత కదపకుండా ఉంచి, స్ఫటికాలు నిలదొక్కుకున్నాకే గంటకు 5 డిగ్రీల చొప్పున దించండి. నీళ్లు కూడా అప్పటిదాకా ఆపాలి, పోసేటప్పుడు అజిటేటర్ రెక్కల దగ్గరికి పైపు దించి పోయాలి.